రిబ్బను రాని తొమ్మిది రోజులు

టైపు మిషనులో రెండు కార్బన్ కాగితాల వరకు నా చేతులు ఏమీ అనలేదు. గడ్చిరోలి జిల్లా అయిన కొత్తలో ప్రతి కాగితానికీ నకళ్లు పెరిగాయి. ఒకటి అహేరికి, ఒకటి గడ్చిరోలికి, ఒకటి ఫైలుకు, ఇంకొకటి ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. సిరోంచ తహసీలు కచేరీలో మరాఠీ టైపిస్టును నేనొక్కదాన్నే. పైకాగితం కింద నాలుగు కార్బన్లు పెడితే, అడుగున ఉన్న ఐదో ప్రతి మీద అక్షరం పడాలంటే మీటను నొక్కితే చాలదు, గుద్దాలి. పెద్ద గుమాస్తా ఆ ఐదో ప్రతిని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసేవాడు. "బాయీ, దిసత్ నాహీ," అనేవాడు. కనబడటం లేదంటే మళ్లీ మొదటి నుంచి.

ముందు కుడిచేతి చిటికెనవేలు లాగింది. తర్వాత బొటనవేలి మొదలు, మణికట్టు, అక్కడి నుంచి మోచేతి దాకా సన్నని మంట. ఉదయం లేస్తే వేళ్లు నావి కావనిపించేది. జడ అల్లుకోలేక ముడి వేసుకుని కచేరీకి వెళ్లిన రోజులున్నాయి. చెంబు చేతిలోనే ఉందనుకుంటే కింద ఉండేది.

అది ఏం నొప్పో ఎవరికీ తెలియలేదు, నాకసలే తెలియలేదు. గుమాస్తా గ్యాసు అన్నాడు. మిషన్ దవాఖానలో నర్సమ్మ నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పని బంద్ పెట్టు బిడ్డా, గదే మందు."

"పని బంద్ పెడితే నేను టైపిస్టునెట్లయిత నర్సమ్మా?"

"గదైతే నాకు తెల్వది," అని బట్టపట్టీ చుట్టి పంపింది.

నేను మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. లేఖనాలు అధ్యాయాలకు అధ్యాయాలు కంఠతా వచ్చేవి. ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేదాన్ని. ఒంట్లో బాధ కలిగితే దాన్ని పంపినవాడినే అడగటం నాకు తెలిసిన పద్ధతి. అడవి జాగాలో చేను వేసుకున్నవాళ్లు ఖాళీ చేయాలని ఆ నెలలో నోటీసులు వెళ్లాయి. అవన్నీ నేనే టైపు చేశాను. ఆ పేర్లలో కొన్ని నేను ఎరిగినవే. అందుకు శిక్షా? లేక పరీక్షా? మరి వాటి మీద సంతకం చేసిన చెయ్యి బాగానే ఉంది కదా? ప్రార్థనలో ఇవన్నీ అడిగేదాన్ని. జవాబు వచ్చిందో రాలేదో తేల్చుకోలేక లేచేదాన్ని.

మా చర్చి సంఘానికి నా సంగతి చప్పట్ల వల్ల తెలిసింది. పాటలో అందరూ చప్పట్లు కొడుతుంటే నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న అవ్వ మోచేత్తో పొడిచింది. ఆమె నాకు చుట్టం కాదు. చర్చి ఊడ్చి, చాపలు పరిచి, వెనక గదిలో ఒంటరిగా ఉండేది. టీబీకి అయిదు నెలలుగా దవాఖాన గోళీలు మింగుతోంది.

"ఏందే, దేవునితోని అలిగినవా?"

"చేతులు లేస్తలేవు అవ్వా."

అవ్వ నా పట్టీ చూసింది. పాట ఇంకా అయిపోకముందే లేచి నిలబడి, "అయ్యగారూ, ఈ పిల్ల చేతులకు ప్రార్థన చెయ్యాలె," అని కేకేసింది.

అయ్యగారంటే మా పాస్టరు. ఆయన మూడు దినాల ఉపవాస ప్రార్థన పెట్టారు, యేసు బాగుచేసిన ఊచచెయ్యిగలవాని గురించి వాక్యం చెప్పారు. ఆ వారమే వాన పట్టింది. అహేరి దారిలో వాగులు పొంగి బస్సు ఆగిపోయింది. కచేరీ టైపు మిషనులో రిబ్బను చిల్లులు పడి ఉంది, కొత్తది ఆ బస్సులోనే రావాలి. తొమ్మిది రోజులు రాలేదు. నేను పోయి మిషను మీది గుడ్డ తీసి, దులిపి, మళ్లీ కప్పి, తపాలా కట్టలు సర్ది ఇంటికి వచ్చేదాన్ని. సాయంత్రాలు చర్చిలో అందరూ నా చేతుల మీద చేతులు పెట్టి ప్రార్థించారు. కళ్లు మూసుకున్నా అవ్వ చెయ్యి ఏదో తెలిసేది. చీపురు పట్టిన చోటల్లా కాయలు కాచి గరుకుగా ఉండేది.

ఆరో రోజో ఏడో రోజో జడ అల్లుకున్నాను. అల్లి కిందికి వదిలాక గానీ అల్లుకున్నానని గుర్తించలేదు. ఆదివారం అందరి ముందు పట్టీ విప్పి, దాన్ని ఎత్తి చూపి, దేవుడు నన్ను ముట్టాడని సాక్ష్యం చెప్పాను. గట్టిగా చప్పట్లు కొట్టాను. అవ్వ ఏడ్చింది.

రిబ్బను సంగతి చెప్పలేదు. దాచాలనుకుని కాదు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఆ రోజు నాకు తోచనే లేదు.

మంగళవారం బస్సు వచ్చింది. రిబ్బన్లు వచ్చాయి, తొమ్మిది రోజుల కాగితాలు నా బల్ల మీద పడ్డాయి. గురువారం మధ్యాహ్నానికి మంట మోచేతికి చేరింది.

పట్టీ కట్టుకుంటే ఊరంతా చూస్తుంది. కట్టుకోకుండా పళ్లు బిగించి కొట్టాను. నయమైన చెయ్యి ఎలా నొస్తుంది? అసలు నయం కాలేదా? కాకపోతే జడ ఎలా అల్లుకున్నాను? నా విశ్వాసంలోనే ఏదైనా చిల్లు ఉందా? నాలుగు కార్బన్ల మధ్య ఈ ప్రశ్నలు తిరుగుతుంటే ఒకే పేరు రెండుసార్లు కొట్టాను.

శుక్రవారం సాయంత్రం అవ్వ గదికి పోయాను. ఆమె దగ్గర ఇప్ప నూనె ఉండేది. ఎవరికీ తెలియకుండా కొంచెం రుద్దుకుందామని. నూనె బుడ్డి గూట్లో ఉంది, పక్కనే గోళీల డబ్బా. దాని నిండా బీర విత్తులు.

"అవ్వా, నీ గోళీలేవి?"

"ప్రాణహితల కలిపిన."

"ఏందీ?"

"ఇగ చేపలకు దగ్గు రాదు," అని నవ్వింది.

"ఎవలు చెప్పిండ్రు గట్ల చెయ్యమని?"

"ఎవలు చెప్పుడేంది? నువ్వే చెప్పకపోతివా? అందరు చూడంగ పట్టీ ఇప్పి పడేస్తివి. నీ చేతులు బాగు చేసినోడు నా రొమ్ము బాగు చెయ్యడా? నేనేమన్న సవతి బిడ్డనా?"

బుడ్డిని గూట్లోనే వదిలి, చేతులు కొంగు కింద దాచుకున్నాను. చెబితే ఆమె విశ్వాసాన్ని నా చేతులతో నేనే కూలదోసినదాన్నవుతాను. చెప్పకపోతే ఆమె ప్రాణం పోవచ్చు. చిన్నప్పటి నుంచి చదివిన వాక్యాలన్నీ గుర్తుకు వచ్చాయి, ఒక్కొక్కటీ ఒక్కో వైపు లాగింది. నూనె అడగకుండానే వచ్చేశాను.

అయ్యగారు వసారాలో సైకిలు చైను ఎక్కించుకుంటున్నారు. నొప్పి తిరిగి వచ్చిందనీ, అవ్వ గోళీలు పారేసిందనీ చెప్పాను.

"నొప్పి వాపసు వచ్చిందా అమ్మా, నువ్వు వాపసు తెచ్చుకున్నవా?"

"నాకు తెల్వదు అయ్యగారూ."

ఆయన చైను వదిలేశారు. జిడ్డు చేతులు గుడ్డకు తుడుచుకున్నారు.

"నేను గూడ షుగర్ గోళీ మింగుతనే ఉన్న," అన్నారు. "గది ఎన్నడు సాక్ష్యంల చెప్పలే."

అది సలహానో, ఒప్పుకోలో నాకు అర్థం కాలేదు.

"మరి ఆదివారం నేనేం చెప్పాలె?"

"నీకు ఏది నిజమనిపిస్తే గది. నన్నడిగితే, నాకు గూడ భయమే."

ఆదివారం పట్టీ కట్టుకుని వెళ్లి నిలబడ్డాను.

"పోయిన వారం నొప్పి పోయిందని చెప్పిన. పోయింది, నిజమే. కని అప్పుడు తొమ్మిది రోజులు మిషనుకు రిబ్బను లేదు, నేను టైపు చెయ్యలే. గది చెప్పలే. రిబ్బను వచ్చింది, నొప్పి గూడ వచ్చింది."

మగవాళ్ల వైపు నుంచి ఎవరో, "అంటే బాగుచేసింది దేవుడా, రిబ్బనా?" అన్నారు. కొందరు నవ్వారు.

"నాకు తెల్వదు. ప్రార్థన బంద్ చెయ్య. దవాఖానకు గూడ పోత. నా మాట విని ఎవలన్న గోళీలు బంద్ పెడితే మళ్ల మొదలు పెట్టుండ్రి."

కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు చాపలన్నీ నేనే చుట్టి పెట్టాను. ప్రతి చాపకూ మణికట్టు చురుక్కుమంది.

సోమవారం సగం పూట సెలవు పెట్టి ఆమె గదికి పోయాను. గోడ పక్కన బీర విత్తులు నాటుతోంది. తలెత్తలేదు.

"అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తివి."

"నీ పేరు చెప్పలే అవ్వా."

"పేరు చెప్పుడెందుకు? సంఘంల గోళీలు మింగేదాన్ని నేనొక్కదాన్నే గద."

ఒక్కదానివే కాదని చెప్పబోయి ఆగిపోయాను.

"పోయిన వారం దేవుడు చేస్తడంటివి. ఇప్పుడు చెయ్యడంటున్నవు."

"చెయ్యడని అనలే. ఎట్ల చేస్తడో తెల్వదన్న."

"ఇంత చదివితివి. నీకే తెల్వకపోతే నాకెట్ల తెలుస్తది?"

పట్టీ విప్పి రెండు చేతులూ ముందుకు చాపాను. అవ్వ మట్టి వేళ్లతోనే నా మణికట్టు పట్టుకుని, బొటనవేలితో నొక్కింది. నేను కెవ్వుమన్నాను.

"మరి శుక్రవారం వచ్చినప్పుడు ఎందుకు దాచినవే, పిచ్చిదానా?" అంది. చేతులు కడుక్కుంది. "నడువు. ఒక్కదాన్నే పోతే నర్సమ్మ కొడుతది."

నర్సమ్మ ఇద్దరినీ కలిపే తిట్టింది. వారం రోజులు ఆపినందుకు అవ్వకు కళ్లె మళ్లీ పరీక్ష చేయించింది, కొత్త గోళీలు ఇచ్చింది. అవ్వ నాతో ఒప్పందం పెట్టుకుంది. రోజూ పొద్దున నేను కచేరీకి పోయే ముందు ఆమె గదికి రావాలి. ఆమె నా ముందర గోళీ మింగుతుంది, నేను ఆమె ముందర పట్టీ కట్టించుకోవాలి.

"ఇద్దరం అవిశ్వాసులమైతే దేవుడు ఒక్కసారే తిడుతడు," అంది.

కచేరీలో గుమాస్తాకు చెప్పి రెండు కార్బన్లతోనే రెండుసార్లు కొట్టడం మొదలుపెట్టాను. ఆలస్యమవుతుందని ఆయన గొణిగేవాడు. పాత ఫైళ్ల కట్ట కుర్చీలో వేసి దాని మీద కూర్చుంటే మోచేతులు కొంచెం తేలికపడ్డాయి. నొప్పి తగ్గింది, పోలేదు. తగ్గించింది కార్బనో, ఇప్ప నూనెనో, నేను ఆపకుండా చేసిన ప్రార్థనో నేను విడదీసి చెప్పలేను. విడదీయాలని కూర్చున్న ప్రతిసారీ తల తిరిగింది.

అవ్వ నూనె రుద్ది, పట్టీ చుట్టి, కొస మడిచి లోపలికి దోపేది.

"గట్టిగైందా?"

"జర."

"పొద్దుగాల ప్రార్థన చేసినవా?"

"చేసిన."

"నేను గూడ," అని గోళీ నోట్లో వేసుకుని, చెంబు నా చేతికిచ్చి పట్టుకోమనేది.