గాలి గది లేని నుదురు

నవ్వించడం అలవాటైన మనిషికి ఎక్కడ ఆగాలో ఎందుకు తెలియదు? పుర్రెల మాస్టారి సంగతిలో ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకదు. వైద్య కళాశాలలో ఎముకల పాఠం చెప్పే ఆయన, ఎదురైన ప్రతి కుర్రాడి నుదుటి మీదా వేలి కణుపుతో తట్టి, "లోపల గాలి గది ఖాళీగా ఉందిరా, అద్దెకిచ్చుకో" అనేవారు. ఆ రోజు వెలుగుపెట్టె మీద ఒక ఎక్స్‌రే పెట్టి, కళ్ళ కింది భాగమంతా నల్ల కాగితంతో కప్పేశారు. నుదుటి ఎముకలో ఉండాల్సిన గాలి గది, అదే సైనస్, జాడే లేదు. "మనిషిదా, కోతిదా?" అన్నారు. "కోతిదే సార్" అన్నారు పిల్లలు. నిజానికి చింపాంజీకి ఆ గది ఉంటుంది, మనుషుల్లో కొందరికి ఉండదు. ఆ పూట చెప్పాల్సిన పాఠం అదే. కానీ ఆయన నోరు ఊరుకోలేదు. "కోతే అనుకోండి. కాకపోతే ఇది వంట చేస్తుంది, నన్ను తిడుతుంది" అన్నారు. తరగతి గొల్లుమంది.

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది, ఇంట్లో మరిచిపోయి వచ్చిన కళ్ళజోడు పట్టుకుని. మొన్న తలనొప్పికి ఆవిడ తీయించుకున్న ఎక్స్‌రే అది. వంగిన మూల చూసి గుర్తుపట్టింది, అది వంగింది ఆవిడ సంచిలోనే. "అది నాదేనాండీ?" అని మెల్లగా అడిగింది. మాస్టారు గబుక్కున వెలుగుపెట్టె ఆర్పేశారు. "పోన్లెండి, పిల్లలు బాగా నవ్వుతున్నారు" అని కళ్ళజోడు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆయన చెవులు కందిపోయాయి. ఎక్స్‌రే తీసి, ఎవరికీ కనబడకుండా గుండెకు ఆనించుకుని, వసారాలో నడిచి పోతున్న ఆవిడను పిలిచే ధైర్యం లేక, వెనకే బయలుదేరారు. పాఠం అయిందని గానీ, వెళ్ళొస్తానని గానీ పిల్లలతో అనలేదు.