ఒంట్లో లేని కొవ్వు

ఆ టైలరును వీధి మొత్తం పోగు మాస్టారనే పిలిచేది. పన్నెండో ఏట షుగరు పట్టుకుంది. పూటపూటా ఇన్సులిన్ పొడుచుకుంటూ యాభై దాటినా దారప్పోగులాగే ఉన్నారు. ఆయన లెక్కలో రోగాలన్నీ పొట్ట ఉన్నవాళ్లకే రాసిపెట్టి ఉన్నాయి. నడుం కొలుస్తూ "ఇంకో టేపు అతికించాలేమోనండీ" అని విసురు విసరందే ఎవర్నీ వదిలేవారు కాదు.

"ఒంట్లో లేని కొవ్వంతా నోట్లో చేరింది మహానుభావుడికి," అనేది భార్య, కాజాలు కుడుతూ.

పొద్దున్నే పాతిక సూదుల్లో దారం ఎక్కించి గుడ్డదిండుకు గుచ్చిపెట్టేది కూడా ఆవిడే. చెయ్యి వణుకుతోందని మాస్టారి సాకు. మరి కత్తెర తిన్నగా ఎలా పోతోందని ఆవిడ అడగలేదు. ఇంటికి ఆధారం ఆ దుకాణం, దుకాణానికి ఆధారం ఆ రెండు కళ్లు. అడగాలంటే భయం.

మాస్టారికి మందులు రాసే డాక్టరుగారు భారీ మనిషి. ప్యాంట్లు ఈయన దగ్గరే కుట్టిస్తారు. కిందటేడు ఏదో పరిశోధనకని మాస్టారి రక్తం తీయించి, కొవ్వులో పుట్టే ఒక హార్మోను ఎంతుందో చూశారు.

"లేని కొవ్వుకి హార్మోనేంటండీ?"

"ఎంత సన్నవాళ్లకైనా కొంత ఉంటుంది మాస్టారూ. ఈ హార్మోను రక్తనాళాలకి కాపలా. మీకు బాగా ఎక్కువుంది."

"మంచిదేగా?"

"మామూలువాళ్లకి మంచిదే. మీలా చిన్నప్పట్నుంచీ ఇన్సులిన్ మీదున్నవాళ్లలో మాత్రం, కళ్లలోనో కిడ్నీల్లోనో సన్న నాళాలు దెబ్బతిన్నవాళ్లకి ఇది ఎక్కువగా కనిపిస్తోంది. ఎందుకో మాకే పూర్తిగా తెలీదు. కాపలా పెరిగిందంటే దొంగలు పడ్డారేమో చూసుకోవాలిగా? కళ్లు చూపించుకోండి."

మాస్టారి చెవులు 'మంచిదే' దగ్గరే మూతపడ్డాయి. ఆ కాగితాన్ని బల్ల అద్దం కింద పెట్టి, వచ్చినవాళ్లకల్లా చూపించారు. "కొవ్వు లేకుండానే కొవ్వులో ఫస్టుక్లాసు!"

మొన్న డాక్టరుగారు కొత్త ప్యాంటు వేసుకుని చూసుకున్నారు. తెర వెనక మూలుగు వినిపించింది.

"మాస్టారూ, గుండీ పడట్లేదు!"

"నేను తగ్గించలేదండీ. పాత కొలతే. మీరే పెంచారు, కొవ్వు!"

డాక్టరుగారు బయటికొచ్చి, కొలతల పుస్తకంలో తన పేజీ తీసి ముందు పెట్టారు. "మీరు రాసిందే. చదవండి."

"నలభై మూడు," అన్నారు మాస్టారు దర్జాగా.

డాక్టరుగారు నవ్వలేదు. "ఇంకోసారి."

"మూడేనండీ బాబూ!"

భార్య సూది పక్కన పెట్టి వచ్చి చూసింది. అంకెలు బొటనవేలంత ఉన్నాయి. "నలభయ్యెనిమిది," అంది మెల్లగా.

మాస్టారు ఒక కన్ను మూసి చూశారు, రెండోది మూసి చూశారు. ఎనిమిదికి ఎడమపక్క ఎంతకీ కనబడలేదు. ఊరందరి నడుములూ కొలిచిన మనిషి మెళ్లో టేపు తీసి బల్లమీద పెట్టేసి, భార్య వైపు తిరిగారు.

"సూదులు గుచ్చిపెడుతున్నావుగా, నీకు తెలుసా?"

"తెలుసు. భయమేసి అడగలేదు."

"నేనూ అంతే," అన్నారాయన. ఇన్నేళ్లలో ఆ నోట కొవ్వు లేని మాట అదొక్కటే.

ఆవిడ చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. డాక్టరుగారు గుండీ పడని ప్యాంటును ఒక చేత్తో, మాస్టారి మోచెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, అలాగే కళ్ల ఆసుపత్రి వైపు నడిచారు.