ఎక్కేటప్పుడు లేని నొప్పి

అరకులో ఉద్యోగంలో చేరాక నాకు అంటుకున్న పిచ్చి పరుగు. పార్వతీపురంలో ఉన్నన్నాళ్లూ కదిలిపోతున్న బస్సు వెనక కూడా పరుగెత్తని మనిషిని. ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకునే రోజులో పొద్దుటి ఆ ఒక్క గంటే నాది.

అలాంటిది, కుడి మోకాలి చిప్ప కింద గుచ్చడం మొదలైంది. విశాఖలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముకలో ఏమీ లేదు. నలభై దాటాయి కదా, పరుగు మానేసి నడవండి" అన్నాడు. ఒళ్లు మండింది. ఏమీ లేకపోతే నొప్పెక్కడిది? మానేస్తే నా గంట నాకెవరిస్తారు?

నా మోకాలి మీద నేనే నిఘా పెట్టాను. బూట్లు మార్చాను. రోడ్డుకు అటువైపు పరుగెత్తి చూశాను. చివరికి గొప్ప ఉపాయం తట్టింది. కష్టమంతా ఎక్కడంలోనే కదా, అది జీపుకు వదిలేస్తే సరి! సంతకు జనాన్ని చేరవేసే జీపులో ఘాట్ రోడ్డు పైదాకా వెళ్లి, అక్కణ్నుంచి కిందికి పరుగెత్తేదాన్ని. ఊపిరికి హాయిగానే ఉండేది గానీ నొప్పి ముదిరింది. ఇక పరుగుకు నీళ్లొదులుకోవాల్సిందే అనుకున్నాను. ఏడ్చాను కూడా.

ఇంతలో ఇక్కడి గిరిజనుల ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ డబ్బులు పుచ్చుకుంటారు.

"ఊరికో తాడు మేడం. పండగయ్యేదాకా బండి తియ్యను" అన్నాడు జీపతను.

సరే, మానేసే ముందు ఆఖరిసారి, కాళ్లున్నాయిగా అని కొండ కిందనుంచే పరుగు మొదలుపెట్టాను. సగం ఘాట్ ఎక్కేసరికి తాడు అడ్డొచ్చింది. జేబులో పైసా లేదు.

"డబ్బుల్లేవా? ఐతే మాతో ఆడీసి ఎల్లు" అంది తాడు పట్టుకున్నావిడ.

"మోకాలు నొప్పమ్మా."

"నొప్పైతే ఇంత కొండ ఎలాగెక్కీసినావేటి?"

అందరూ ఒకటే నవ్వు. నన్ను ధింసా ఆట వరసలోకి లాగేశారు. నడుముల వెనక చేతులు పెనవేసుకుని అడుగులు కలుపుతున్నాను గానీ, నా బుర్ర ఆమె మాట దగ్గరే ఆగిపోయింది. నిజమే, ఎలా ఎక్కాను? దారిలో ఒక్క పోటైనా రాలేదే!

వాళ్లు వదిలాక పైదాకా పరుగెత్తాను. నొప్పి ఎప్పుడొస్తుందా అని అడుగడుగునా కాచుకున్నాను. రాలేదు. వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టానో లేదో, మొదటి మలుపులోనే చిప్ప కింద కసుక్కుమంది. "దొరికావే!" అన్నాను పైకే. నొప్పికి అంత సంతోషించడం అదే మొదలు. మిగతా దారంతా మెల్లగా నడిచి దిగాను.

పండుగయ్యాక పరుగు పైకి, జీపు కిందికి.

"అందరూ ఎక్కడానికి జీపెక్కుతారు, మీరేటి మేడం, దిగడానికెక్కుతన్నారు?" అని జీపతను రోజూ ఏడిపించేవాడు. ఏడిపిస్తేనేం, గుచ్చడం కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది.

ఒకరోజు జీపులో రాగుల మూటతో కూర్చున్న ముసలమ్మ, నేను చేత్తో మోకాలు తడుముకోవడం చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

"కాలు సాపుకో అమ్మా. నొప్పెడతందా?"

"లేదు" అన్నాను. ఆ మాట నా నోట నాకే కొత్తగా వినిపించి, మోకాలు ఇంకోసారి తడిమి చూసుకున్నాను.