వందనాలు చెప్పకుండా వడ్డించిన అన్నం

మా అత్తగారికి స్త్రీల కూటమంటే ప్రాణం. శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ చేరితే, ముందు నిలబడి ప్రార్థన నడిపేది ఆవిడే.

పోయినేడాది మామిడికాయల కోతలప్పుడు రెడ్డిగూడెం వైపు మోర్మన్లని అమెరికాలో పుట్టిన వేరే మతశాఖవాళ్ళు తిరుగుతున్నారని పాస్టరుగారికి తెలిసింది. ఆదివారం ఆరాధనలో గట్టిగా చెప్పారు. "వాళ్ళు యేసయ్య పేరే చెబుతారు. కానీ త్రియేక దేవుణ్ణి మనలా నమ్మరు. బైబిలు చాలదని ఇంకో పుస్తకం పట్టుకొస్తారు. ఇంట్లోకి రానివ్వద్దు, వందనాలు కూడా చెప్పద్దు. రానిచ్చినవాళ్ళు కూటం నడపడానికి వీల్లేదు."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా అత్తగారే.

ఆ వారంలోనే తెల్ల చొక్కాలు, టైలు, కారుతున్న చెమటలతో ఇద్దరు కుర్రాళ్ళు మా గేటు దగ్గర నిలబడ్డారు. ఒకడు శ్రీకాకుళం అబ్బాయి. రెండోవాడికి తెలుగు రాదు, నవ్వడం మాత్రం వచ్చు. ఇద్దరి బ్యాడ్జీల మీదా ఎల్డర్ అని ఉంది. మా సంఘంలో పెద్ద అనిపించుకోవాలంటే జుట్టు నెరవాలి. వీళ్ళకింకా మీసాలే సరిగా రాలేదు.

"వందనాలమ్మా" అన్నాడు శ్రీకాకుళం అబ్బాయి.

అత్తగారు నోటిదాకా వచ్చిన మాట మింగేశారు. "ఊఁ. భోంచేశారా?"

అది అడగకూడదని పాస్టరుగారు చెప్పలేదు కదా!

ఇంట్లోకి రానివ్వకూడదు గనక వాకిట్లో పందిరి కింద కుర్చీలు వేయించి టీ పంపించారు. "మేం టీ తాగం" అన్నారు వాళ్ళు. కాఫీ కూడా వద్దట, వాళ్ళ మతంలో లేదట. అత్తగారు వంటింట్లోకొచ్చి గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"ఇంకో పుస్తకమంటే ఏదోలే అనుకున్నానే. టీ కూడా తాగరంటే పాస్టరుగారు చెప్పింది నిజమేనే!"

మజ్జిగిచ్చి, మామిడికాయ పప్పుతో అన్నం వడ్డించాం. తింటూనే ఆ అబ్బాయి మొదలుపెట్టాడు. యేసుప్రభువు తిరిగి లేచాక అమెరికా వెళ్ళి అక్కడివాళ్ళకి కూడా బోధించాడట.

"అమెరికాకే ఎందుకెళ్ళాడు నాయనా? ఇటొస్తే రసాలుండేవిగా?"

"తెలీదమ్మా."

"తెలీకపోతే తిను. నువ్వు చెప్పేది నేనొప్పుకోను. నెయ్యేసుకో."

అంతలో గాలివాన. తోటలో కాయలు దబదబా రాలుతున్నాయి, పందిరి ఆకులు లేచిపోతున్నాయి. కుర్రాళ్ళు కంచాల మీదికి వంగి అన్నం తడవకుండా కాస్తున్నారు. అత్తగారు గుమ్మంలో పెదాలు బిగించి నిలబడ్డారు.

"అత్తయ్యా, పిడుగులు పడుతున్నాయి" అన్నాను.

"వినపడుతోందే! పోతే పోయింది కూటం. రండి నాయనా, లోపలికి రండి!"

వాళ్ళు చాప మీద సర్దుకున్నారో లేదో, విస్సన్నపేట నుంచి బండి మీద వస్తూ వానలో చిక్కుకున్న పాస్టరుగారు మా ఇంట్లోకే పరిగెత్తుకొచ్చారు. చాప వైపు చూసి ఆగిపోయారు.

అత్తగారు తువ్వాలు అందించారు. "దాచనండీ అయ్యగారూ. నేనే రానిచ్చాను. వందనాలు మాత్రం చెప్పలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఆ అబ్బాయినడగండి."

"చెప్పలేదు సార్" అని సాక్ష్యం పలికాడు వాడు, కాస్త దిగులుగా.

పాస్టరుగారు తువ్వాలులో మొహం దాచుకుని చాలాసేపు తుడుచుకున్నారు. భుజాలు కదులుతూనే ఉన్నాయి. తర్వాత ఆ చాప మీదే కూర్చుని, వాన తగ్గేదాకా ఆ కుర్రాళ్ళతో వాదించారు. దేవుడికి మనలాంటి శరీరం ఉందని వాళ్ళు, ఆయన ఆత్మ అని ఈయన. ఎవరూ తగ్గలేదు, వాన తప్ప.

లేవబోతూ అత్తగారి వైపు తిరిగారు. "నేను చెప్పేటప్పుడు వాన సంగతి ఆలోచించలేదమ్మా. శనివారం కూటంలో ముందు ఏ పాట పాడిస్తారు?"

అత్తగారికి ఒక్క పాటా గుర్తురాలేదు. ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టి, కంచం పెట్టి, మిగిలిన పప్పంతా అందులోనే బోర్లించేశారు.