వింత కతల సంతకు బదిలీ మనిషి

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే రూబెన్ రెండు మాటల్లో చెప్తాడు: "ఎత్తేది, దించేది." మాలూరు దగ్గర పెంకుల ఫ్యాక్టరీలో లోడింగ్ పని అతనిది. సాయంత్రం రైలు దిగి ఊరిగాంలో ఇంటిదారి పట్టేసరికి నడుము ఒక దిక్కు, కాళ్ళు ఒక దిక్కు లాగుతాయి. దారిలో ఎవరైనా "ఏమన్నా, ఆ మూడు సూర్యుళ్ళున్న లోకం కత ఏమాయె?" అని అడిగారంటే మాత్రం ఆ నడుమే నిటారవుతుంది.

చదువు ఏడో తరగతితో ఆగింది. చదవడం ఆగలేదు. రాబర్ట్‌సన్‌పేటలో పాత పేపర్లు కొనే అంగడి ఉండేది. అంగడాయన మంచివాడు. తూకానికి వచ్చిన పుస్తకాల్లో అంతరిక్షం బొమ్మో, రెక్కల గుర్రం బొమ్మో కనిపిస్తే పక్కన తీసిపెట్టి రూబెన్‌కు ఇచ్చేవాడు. చాలావాటికి చివరి పేజీలు ఉండేవి కావు. కత నడిమధ్యలో తెగిపోతే రూబెన్‌కు అన్నం సహించేది కాదు. అందుకని చివర తనే కట్టేవాడు, కట్టింది రైల్లో చెప్పేవాడు. ఒక్కోసారి చెప్పేటోడి కంటే వినేటోళ్ళు ఎక్కువ పట్టుపట్టి, "అట్ల కాదు, ఆ రాజు చావకూడదు" అని పోట్లాడేవాళ్ళు. ఆ పోట్లాటల్లోంచే ఒక గుంపు తయారైంది.

అందులో ముందు చెప్పాల్సింది డెరిక్ గురించి. లైట్లు, మైకులు బిగించే పని. నోరు మూత పడదు. రెండోది సోనియా. రోజూ రూబెన్ రైల్లోనే మాలూరుకు పోయి బట్టలు కుడుతుంది, కుట్టగా మిగిలిన ముక్కలతో రాక్షసుల మొహాలు చేస్తుంది. ఆమె పెట్టిన వాట్సాప్ గుంపులోకి మాలూరు నుంచి, బంగారుపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేరారు. అందరిదీ ఒకటే పిచ్చి: ఎప్పుడూ లేని లోకాలు, ఎన్నడూ రాని కాలాలు. ఒకరోజు డెరిక్ అన్నాడు, "ఫోన్లో ఎన్నాళ్ళు మొత్తుకునేదన్నా? ఒక దినం అందరూ ఒకచోట చేరదాం. వేషాలు కట్టుకోని రానీ, కతలు చెప్పనీ, కొట్లాడనీ."

"సంత మాదిరి," అన్నాడు రూబెన్.

"సంతే! అమ్మేది ఏమీ లేని సంత."

అట్లా వింత కతల సంత మొదలైంది. ఊరిగాంలో చర్చి పక్క హాలు పాస్టరుగారు ఒక ఆదివారం మధ్యాహ్నానికి ఇచ్చారు. మళ్ళీ ఆ హాలు దొరకాలంటే పెళ్ళిళ్ళ కాలం గడవాలి. సంతలో జీతం పుచ్చుకునేవాడు లేడు, పెత్తనం చేసేవాడు లేడు. అయినా పని ఎట్లా పంచాలో రూబెన్‌కు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళ నాయన ఊరిగాం బంగారు గనిలో చేరింది బదిలీ మనిషిగానే. ఆ రోజుల్లో గేటు దగ్గర కొందరు కాచుకుని కూర్చునేవాళ్ళు. లోపలికి దిగాల్సినవాడు రాకపోతే అతని బదులు వీళ్ళలో ఒకరు దిగేవాళ్ళు. మనిషి రాలేదని గని ఆగింది లేదు. ఆ లెక్కనే రూబెన్ సంతలో ప్రతి పనికీ ఒక బదిలీ మనిషిని పెట్టాడు. గేటుకు బదిలీ, టీకి బదిలీ, కుర్చీలకు బదిలీ.

"నాక్కూడా పెట్టినావా అన్నా?" అని అడిగాడు డెరిక్.

"నీకు ఇద్దర్ని పెట్టినా."

"యాలన్నా?"

"ఒకడు లైట్లకి. ఇంగొకడు నీ మాదిరి వాగేదానికి."

అన్నీ సరిగ్గా నడుస్తున్నాయి. గుంపులో అందరూ ఎదురుచూస్తున్నది మాత్రం ఒకే ఒక మనిషి కోసం. బూదికోటలో రేష్మె పురుగులు, అంటే పట్టుపురుగులు, మేపే నేత్రావతి కోసం. ఆమె రాసి పంపదు, చెప్పి పంపుతుంది. పురుగులకు ఆకు వేస్తూ ఫోన్లో మాట రికార్డు చేసి గుంపులో పెడుతుంది. వెనక వానపడుతున్న చప్పుడు వినిపించేది. బూదికోటలో ఇన్ని వానలా అని మొదట్లో అందరూ ఆశ్చర్యపోయారు. అది వాన కాదు, పురుగులు ఆకు నమిలే చప్పుడు. ఆ చప్పుడు మీద ఆమె గొంతు నడిచేది. చుక్కల మధ్య పోయే ఒక ఓడ, అందులో పట్టుగూళ్ళలో నిద్రపోయే జనం. ఆ కత ముగింపు ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. సంతలో నలుగురి ముందు నిలబడి చెప్తానంది. సగం మంది వస్తున్నదే దానికోసం.

సంతకు ముందు శుక్రవారం, అన్నం వేళకు, నేత్రావతి ఫోన్ చేసింది.

"అన్నా, నేను వచ్చేకి కాదు."

రూబెన్ చేతిలో ముద్ద అట్లే ఆగింది. "ఏమమ్మా, ఏమాయె?"

"చలికి పురుగు మొండికేసిందన్నా. నిన్ననే పండి గూడు కట్టే వేళకు రావాల్సింది. ఇప్పుడు చూస్తే రేపు, ఎల్లుండే పండేట్లుండాది. పండినప్పుడు ఏరి చంద్రికల మీద వెయ్యకపోతే ఆకులోనే గూళ్ళు కట్టి పాడైపోతాది. మా ఆయనకు జ్వరం. నేనూ మా అత్తే ఉండేది. ఇంత కష్టపడి మేపింది వదిలేసి యాడ వచ్చేదన్నా?"

రూబెన్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. గనివాడి రక్తం కదా. "సరేమ్మా, దానికేముండాది! నువ్వు ముగింపు ఫోన్లో సోనియాకు చెప్పెయ్. నీ బదులు ఆమె చదువుతాది. బదిలీ మనిషిని పెడదాం."

అవతల పురుగుల వాన మాత్రం కురుస్తోంది.

"నా కతకు బదిలీనా అన్నా?" అంది నేత్రావతి కడకు. "సరే. అయితే ఆ కత కూడా ఎవురితోనైనా కట్టించుకోండి." ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం రైల్లో జరిగింది విని సోనియా అతన్ని ఉతికి ఆరేసింది. "నీకు బుద్ధుండాదా రూబెనన్నా? కుర్చీ ఎవురు మోసినా కుర్చీనే. కత అట్లనా? ఆ పిల్ల పెళ్ళయినాక ఒక్కతే ఒక ఊరికి పోయింది లేదు. అత్తను ఒప్పించేకి ఎంత పాటుపడిందో నీకు తెలుసునా?"

"సంత నిలబడాలనే గదా చెప్పినా."

"సంత నిలబడతాది. ఆ పిల్ల ఇంగ మన తట్టు చూడదు."

రూబెన్ కిటికీలోంచి చూశాడు. ఇటుక బట్టీల పొగ వెనక్కి పోతోంది. తను చెప్పింది తప్పని అతనికి రైలు టేకల్ దాటకముందే అర్థమైంది. తప్పు ఎక్కడుందో మాత్రం చేతికి దొరకలేదు. బదిలీ పద్ధతి తప్పు కాదు. దాంతోనే కదా నాయన తనను పెంచింది. బంగారుపేటలో రైలు ఆగి, జనం దిగి, మళ్ళీ కదిలాక రూబెన్ ఉన్నట్టుండి తొడ మీద చరుచుకున్నాడు.

"బదిలీ పెట్టాల్సింది కతకు కాదు సోనియా. పురుగులకు!"

పక్క సీటులో కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి చూశాడు. రూబెన్ పట్టించుకోలేదు. "రేపు మనమంతా బూదికోటకు పోదాం. మనం పురుగులు ఏరదాం. ఆమె వచ్చి కత చెప్పనీ."

మరునాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, డెరిక్‌నూ సోనియానూ వెంటబెట్టుకుని బూదికోట బస్సెక్కాడు. పురుగుల షెడ్డు ముందు అడ్డంగా నిలబడి ఉంది నేత్రావతి అత్త మునిలక్ష్మమ్మ. సన్నటి మనిషి, కొంగు బిగించి నడుముకు చుట్టింది. కొత్తవాళ్ళు పురుగుల దగ్గరికి పోతే రోగం తగులుతుందని ఆ పక్క ఊళ్ళన్నింటిలో కట్టడి. సొంత కూతురే అయినా కాళ్ళు కడగకుండా లోపలికి రానివ్వరు.

"యాడోళ్ళప్పా మీరు?"

"ఊరిగామమ్మా."

"గనోళ్ళా! రాయి పగలగొట్టే చేతులు. నా పురుగుల్ని ఏం చేసేకి వచ్చినారు?"

"ఏరేకి వచ్చినామమ్మా. ముయ్యాళ్ళు అనుకోండి. ఈరోజు మీ పని మేం చేస్తాం, రేపు మా పనికి మీ కోడల్ని పంపండి."

ముయ్యాళ్ళు అన్న మాటకు ముసలామె కళ్ళు కాస్త మెత్తబడ్డాయి. ఒకరి చేలో ఒకరు పనిచేసి బాకీ తీర్చుకునే ఆ పద్ధతిని కాదనేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అయినా పరీక్ష పెట్టింది.

"బీడీ తాగుతావా?"

"లేదమ్మా."

"నస్యం?"

"లేదు."

ఆమె డెరిక్ దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చింది. "థూ! సెంటు కొట్టుకోని వచ్చినావే! పెళ్ళిచూపులనుకుంటివా? నా పురుగులన్నీ సచ్చిపోతాయి. నువ్వు తోటలోకి పో, ఆకు కొయ్యి."

రూబెన్, సోనియా బోరు కింద ఒళ్ళు కడుక్కుని, ఉతికిన బట్టలు కట్టుకుని, గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళలో తడిపి పరిచిన గోనెసంచి మీద కాళ్ళు అద్ది లోపలికి పోయారు. నేత్రావతి పురుగుల తట్టల వెనక నిలబడి ఉంది. మొహంలో కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"తప్పయిందమ్మా," అన్నాడు రూబెన్. "బదిలీ యాడ పెట్టల్లో తెలీక నోరు జారినా."

"ముందు పురుగు చూడన్నా," అంది ఆమె. నవ్వు ఆపుకుంటోంది.

పండిన పురుగు ఆకు ముట్టదు. తల పైకెత్తి అటూ ఇటూ ఆడిస్తుంది. వెలుతురుకు పెడితే ఒళ్ళు ద్రాక్షపండులా తేటగా కనిపిస్తుంది. దాన్ని నొక్కకుండా తీసి, గూడు కట్టేందుకు చాపలా అల్లిన వెదురు చంద్రిక మీద వదలాలి. పెంకులు మోసి మోసి కాయలు కాచిన రూబెన్ వేళ్ళకు మొదట్లో అది దొరకలేదు. తీసినవి సగం పచ్చివే. మునిలక్ష్మమ్మ వాటిని మళ్ళీ ఆకులో వేస్తూ, "ఇంగా ఆకలిగా ఉండే బిడ్డను పక్కలో పండుకోబెట్టేది చూడు!" అని తిట్టింది. మధ్యాహ్నం దాటేసరికి తిట్లు తగ్గాయి. పొద్దువాలేసరికి, "ఈయప్ప చెయ్యి పర్వాలేదు," అంది. ఎవరితోనో కాదు, పురుగులతో.

ఆ రాత్రికి అక్కడే పడుకున్నారు. ఆదివారం పొద్దున చూస్తే ఇంకా చాలా తట్టలు మిగిలే ఉన్నాయి. పురుగు మనిషి తొందర చూసి పండదు. నేత్రావతి మంచి చీర కట్టుకుని వచ్చి, తట్టల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను పోను. అత్తొక్కతే అయిపోతాది."

సోనియాకు వేషాల పని ఉంది. డెరిక్ లేకపోతే హాలులో మైకు పలకదు. నేర్చుకున్న చెయ్యి ఒకటే మిగిలింది. రూబెన్‌కు అది నిద్ర లేచేటప్పుడే తెలుసు.

"నేనుంటా," అన్నాడు.

డెరిక్ నోరు తెరిచాడు. "అన్నా! నువ్వు లేకుండా సంతా? అందరికీ బదిలీ పెట్టినావే, నీకు ఎవుర్ని పెట్టినావు?"

నిజమే, రూబెన్ తనకు పెట్టుకోలేదు. ఆ హాలులో గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే ఒక్కో వేషాన్నీ చూడాలని ఎన్నాళ్ళ నుంచి కలగంటున్నాడో వాళ్ళకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా లాభం లేదు.

"మీరంతా నా బదిలీనే గదరా. పొండి, బస్సు వస్తాది. నేత్రమ్మా, గొంతు బాగా ఎత్తి చెప్పు. వెనక కూర్చున్నోళ్ళకు కూడా వినపడల్ల."

నేత్రావతి రెండు చేతులూ జోడించి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సోనియా ఫోన్ చేసింది. హాలు నిండిపోయిందట, కిటికీల్లో కూడా నిలబడ్డారట. "అన్నా, ఆమె లేస్తావుండాది. ఫోను మైకు దగ్గర పెడతా, విను." రూబెన్ ఫోన్‌ను తట్టలకు దూరంగా గోడ గూట్లో పెట్టి చప్పుడు పెంచాడు. నేత్రావతి గొంతు మొదటి రెండు మాటలకు వణికింది, మూడో మాటకు నిలబడింది. వెనక వాన చప్పుడు లేకుండా ఆ గొంతు వినడం అతనికి అదే మొదలు. ఇంకా పండని పురుగులు ఇక్కడ ఆకు నములుతున్నాయి.

కతలో ఓడ గుమ్మం దగ్గర ఒక ముసలామె వచ్చింది. చుక్కల రాజు వచ్చినా సరే, కాళ్ళు కడగనిదే ఓడలోకి రానివ్వదు. హాలంతా పకపకా నవ్వింది.

మునిలక్ష్మమ్మ చెయ్యి ఆగిపోయింది. "నన్నే చెప్తావుండాది గదా అది!"

రూబెన్ తల వంచుకుని పురుగుల్ని చూస్తున్నాడు.

"చంపేస్తాదేమో చూడు నన్ను, కత చివర."

"తెలీదమ్మా. ముగింపు ఎవురికీ చెప్పలేదు."

ఇద్దరూ విన్నారు. ఓడలోకి రోగం ఎక్కబోతే, కడగని కాళ్ళను గుర్తుపట్టి ఆపింది ఆ ముసలామే. పట్టుగూళ్ళలోని జనమంతా బతికి, కొత్త నేల మీద కళ్ళు తెరిచారు. చప్పట్లు మోగి మోగి, ఫోన్లో ఒట్టి గరగర మాత్రమే మిగిలింది.

మునిలక్ష్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత రూబెన్ చేతికేసి చూసి కసిరింది.

"పండు పురుగును చేతిలో పెట్టుకోని కత వింటా కూచుంటే అది నీ అరచేతిలోనే గూడు కడతాది. కానీ, కానీ, ఇంగా తట్టలుండాయి."