దక్షిణం గోడకు చెమ్మ

ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు నన్ను సలహా అడిగితే మొట్టమొదట చెప్పే మాట ఒక్కటే. గోడలో పైపులు వేయించాక, ప్లాస్టరింగ్ కాకముందే వాటిని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పక్కన టేపు పరిచి తీయండి. పైపు ఏ మూల నుంచి ఎంత దూరంలో ఉందో, నేల నుంచి ఎంత ఎత్తుకు పోయిందో కనబడాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను పెట్టలేదు. దానివల్ల ఒక మనిషి బతుకుదెరువు పోయింది. నాది కాదు, వేరే మనిషిది. అందుకే ఈ సలహా చెప్పేటప్పుడు నా గొంతు నాకే నచ్చదు.

మాది ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న కాలనీ. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ద్రవాల పీడనం గురించి బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీశానో లెక్కలేదు కానీ, నల్లాకు వాషర్ మార్చడం మాత్రం నాకు రాదు. ఇంట్లో ఏది కారినా రెండు గల్లీల అవతల ఉండే ప్లంబర్‌కు ఫోన్ చేసేవాడిని. నాకన్నా పదేళ్లు చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, మా అమ్మను పెద్దమ్మా అనేవాడు. కాలనీలో ఏ ఇంటి నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో ఇంటివాళ్లకన్నా అతనికే బాగా తెలుసు. అతనికి దుకాణం లేదు, బోర్డు లేదు. ఒకరు ఇంకొకరికి చెబితే వచ్చే పనే అతని బతుకు.

అమ్మకు మోకాళ్లు పట్టేశాక పెరట్లో ఉన్న మరుగుదొడ్డి దాకా నడవడం కష్టమైంది. వానాకాలం రెండుసార్లు జారింది. దాంతో హాలుకు దక్షిణం పక్కనున్న సామాన్ల గదిని బాత్రూంగా మార్చి కమోడ్ పెట్టించాలని అనుకున్నాం. హాలుకూ ఆ గదికీ మధ్య ఉన్నది నాలుగున్నర అంగుళాల అడ్డగోడ. మిద్దె మీది ట్యాంకు నుంచి పైపు దిగాల్సింది అందులోనే.

పని మొదలుపెట్టిన రోజే అతను ఆ గోడను వేళ్లతో తట్టి చూశాడు.

"గోడ సన్నగుందన్నా. ఇటు నుంచి గాడి కొడితే అటు దిక్కు రెండంగుళాలు గూడ మిగలదు. హాల్ల మొలలు కొట్టేటప్పుడు జర పైలం. ఇప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకో."

"తీస్తా తీయ్" అన్నాను. తీయలేదు. మర్నాడు మేస్త్రీ వచ్చి పూసేశాడు.

అతనిది చాదస్తమనే అనుకున్నాను. పైపులు బిగించాక మూతులన్నీ మూసి, నీళ్లు ఎక్కించి మూడు రోజులు అలాగే ఉంచాడు. టైల్స్ వేసేవాడు వచ్చి కూర్చున్నా కదలనివ్వలేదు. నేను విసుక్కుంటే, "ఎక్కడన్న చుక్క కారితే ఇప్పుడే తెల్వాలె అన్నా. టైల్స్ అతికినంక తెలిస్తే ఏడ్చుడే" అన్నాడు. మూడు రోజులూ పొద్దున్నే వచ్చి ప్రతి జాయింటు కింద వేలు పెట్టి చూసుకున్నాడు. మీ ప్లంబర్ ఇలా చేయకపోతే మీరే అడిగి చేయించండి. చేస్తానంటే మాత్రం అడ్డుపడకండి.

అమ్మ ఆ బాత్రూం వాడుకున్నది నాలుగు నెలలు. "గింత తెల్లగుంటే కాలు పెట్టబుద్ధి అయితలేదురా" అని గడప దగ్గర నిలబడేది. ప్లంబర్ కనబడితే, "సల్లగుండు బిడ్డా" అనేది. ఐదో నెలలో గుండెపోటుతో పోయింది. దవాఖానకు తీసుకుపోయే టైం కూడా ఇవ్వలేదు.

పదకొండో రోజు ఇల్లంతా చుట్టాలే. పోయినవాళ్ల ఫొటో దక్షిణం గోడకే ఉండాలన్నారు పెద్దలు. మా హాల్లో దక్షిణం గోడంటే ఆ అడ్డగోడే. అద్దం ఫ్రేము, బరువుగా ఉంది. డ్రిల్ మిషన్ తెచ్చి నేనే బొక్క కొట్టాను, నేనే స్క్రూ బిగించాను. కొట్టేటప్పుడు నాకు ఏ పైపూ గుర్తు రాలేదు. అమ్మ ఫొటో వంకర పోకూడదన్నదొక్కటే నా ధ్యాస. అందరి స్నానాలకూ ట్యాంకు ఖాళీ అయిపోతే, ఆ సమయానికి ప్లంబర్ మిద్దె మీద ట్యాంకు సంగతి చూస్తున్నాడు. పిలవకుండానే వచ్చి పొద్దుటి నుంచీ మా ఇంట్లోనే ఉన్నాడు.

ఆరు నెలలకు ఫొటో ఉన్న గోడకే అడుగున, నేలకు జానెడు ఎత్తులో, రంగు పూరీలా ఉబ్బింది. వేలితో గీకితే రంగు కింది లప్పం పొడిపొడిగా రాలింది. నెల తిరిగేసరికి మోకాలి ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది. హాల్లో ఎప్పుడూ ముక్కవాసన. ఫోన్ చేస్తే ప్లంబర్ అరగంటలో వచ్చాడు. బాత్రూంలోకి, హాల్లోకి నాలుగైదుసార్లు తిరిగి, గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు.

"కారుడు జాయింట్లల్ల కెంచి గాదన్నా. గది నాకు నమ్మకముంది. పైపెంబడి ఒక మూరెడు పగలగొట్టి చూద్దాం. పెద్దమ్మ ఫొటో జర దించాలె."

ఆ మాటతో నాకు ఒళ్లు మండింది. సంవత్సరీకం కానిదే ఫొటో కదపొద్దని మా ఇంట్లో పట్టింపు. అయినా నా కోపం పట్టింపు గురించి కాదు. అమ్మ పోయినప్పటి నుంచి లోపల కుతకుతలాడుతున్నదేదో బయటికి రావడానికి దారి వెతుకుతోంది, అతను ఎదురుగా దొరికాడు.

"నీ తప్పు కప్పిపెట్టుకోవడానికి మా అమ్మ ఫొటో దించమంటున్నవా?" అన్నాను.

అతను నా మొహం చూశాడు. తర్వాత మా ఆవిడ మొహం చూశాడు. "నేను గట్లనలే అన్నా" అని, సంచి తీసుకుని పోయాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. సాయంత్రం గోడను ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పైపులకు తీయని ఫొటో చెమ్మకు తీశాను. "మన కాలనీ ప్లంబర్ పనితనం ఇది. ఏడాది తిరిగేసరికే గోడ ఇట్లయింది. పని చేయించుకునేవాళ్లు జాగ్రత్త" అని రాసి, కింద అతని పేరు పెట్టాను. పంపే ముందు అక్షర దోషాలు ఉన్నాయేమోనని ఒకసారి చదువుకున్నాను కూడా. పంతులు బుద్ధి. గంటలో ముప్పై మంది చూశారు. ఎవరో తమ ఇంట్లో సింకు కూడా కారుతోందన్నారు. ఇంకెవరో కమోడ్ కదులుతోందన్నారు. అన్నీ అతని లెక్కలోకే పోయాయి. నాకు ఆ సాయంత్రం హాయిగా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ హాయిగానే అనిపించింది.

తర్వాత పనివేళల్లో అతను బస్టాండ్ దగ్గర చాయ్ బండి ముందు కూర్చుని కనబడేవాడు. సంచి కాళ్ల దగ్గర ఉండేది, ఫోన్ చేతిలో ఉండేది. నేను బండి ఆపకుండా పోయేవాడిని. కొన్ని నెలలకు ఇల్లు ఖాళీ చేసి తుక్కుగూడ దిక్కు పోయాడని, అక్కడేదో అపార్ట్‌మెంట్‌లో మోటర్లు చూసే కొలువు దొరికిందని మా ఆవిడ చెప్పింది.

ఈలోపు చెమ్మకు మందు అని దుకాణంలో ఇచ్చిన రంగు తెచ్చి హాలు వైపు రెండు పూతలు వేయించాను. ఆ పని మీరు చేయకండి. లోపల నీళ్లు కారుతుండగా పైన రంగు వేస్తే నీళ్లు ఆగవు, ఇంకో చోటు వెతుక్కుంటాయి. మా గోడలో నడుం ఎత్తుకు ఎక్కాయి.

అమ్మ సంవత్సరీకం అయ్యాక ఫొటో దించి పక్కన పెట్టాం. బడంగ్‌పేట్ నుంచి ఇంకో ప్లంబర్‌ను పిలిపించాను. అతను గోడ జోలికి పోకుండా ముందు మిద్దె ఎక్కాడు. మోటరు ఆపించి, ఇంట్లో నల్లాలన్నీ కట్టేయించి, ట్యాంకులో నీళ్లున్న చోట గీత పెట్టాడు. రెండు గంటల తర్వాత చూస్తే నీళ్లు గీత కిందికి దిగాయి. బాత్రూం పైపు వాల్వు ఒక్కటి మూసి మళ్లీ చూస్తే దిగలేదు. ఎవరైనా చేసుకోగల పరీక్ష. నేను మొదటి రోజే చేసుకోగలిగిన పరీక్ష. తర్వాత హాల్లోకి వచ్చి గోడను కింది నుంచి పైకి చూసుకుంటూ పోయి, స్క్రూ దగ్గర ఆగాడు. ఇన్నాళ్లూ ఫ్రేము వెనక దాగిన తుప్పు చార కిందికి సన్నగా దిగి ఉంది.

"సార్, గీ స్క్రూ ఎవరు కొట్టిండ్రు?"

"నేనే" అన్నాను.

పగలగొట్టాడు. స్క్రూ మొన పైపులో ఉంది. బొక్క కొట్టిన రోజు ట్యాంకులో చుక్క లేదు కాబట్టి నీళ్లు చిమ్మలేదు. బిగించిన స్క్రూయే ఆ రంధ్రానికి బిరడా అయింది. అది తుప్పు పట్టేకొద్దీ నీళ్లు బొట్టుబొట్టుగా పైపు వెంట దిగి, గాడి అడుగున చేరి, అక్కడి నుంచి గోడకు ఎక్కాయి. చెమ్మ కనబడిన చోటే లీకు ఉంటుందని అనుకోవద్దు. నీళ్లు ఎప్పుడూ కిందికే పోతాయని పిల్లలకు చెప్పేది నేనే.

అతను జాయింట్ల దాకా గోడ తెరిచి, వేలితో తడిమి, "జాయింట్లు జబర్దస్త్ ఉన్నయి సార్. చేసినోడెవరో గాని పని తెలిసినోడు" అన్నాడు. మా ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

గోడ బాగైంది. పోయి చెప్పమని మా ఆవిడ రోజూ అంటూనే ఉంది. పరీక్షలని, పేపర్లు దిద్దాలని నెల రోజులు గడిపేశాను. చివరికి ఒక ఆదివారం బొంగుళూరు గేటు మీదుగా సర్వీసు రోడ్డు పట్టుకుని తుక్కుగూడ పోయాను. వాచ్‌మన్ చూపించిన పంపు గదిలో అతను నీలం చొక్కా తొడుక్కుని మోటరు ముందు కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అలా లేవడం చూసి నాకు తల తీసేసినట్టయింది.

జరిగింది మొత్తం చెప్పాను. స్క్రూ నేను కొట్టిందే అన్నాను. "మాఫ్ చెయ్యి తమ్మీ" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. అతనికి రాలేదు.

"నా తప్పు గాదని నాకు అప్పుడే ఎరుకే గదన్నా. గది నాకు చెప్పుడెందుకు?" అన్నాడు. "గ్రూపుల పెట్టినవా?" అని అడిగాడు.

లేదన్నాను. గోడ తెరిచి నెల దాటింది. కాలనీలో అడిగినవాళ్లందరికీ లీకు దొరికిందనే చెప్పాను తప్ప, ఎందువల్లో ఒక్కరికీ చెప్పలేదు. అతను తల ఊపి, ట్యాంకు నిండే టైమైందని స్విచ్ దగ్గరికి వెళ్లాడు. మళ్లీ నా వైపు తిరగలేదు. నేను వచ్చేశాను.

గేటు బయటే బండికి ఆనుకుని రాశాను. గోడలో పైపుకు స్క్రూ కొట్టింది నేనేనని, పనిలో ఏ లోపమూ లేదని, అతని మీద రాసింది అబద్ధమని, కాలనీ అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నానని. ఏడెనిమిది దండాల బొమ్మలు వచ్చాయి. ఒకాయన నాది పెద్ద మనసన్నాడు.

మూడు రోజులకు నాలుగో గల్లీ ఆయన వంటింట్లో పైపు పగిలిందని, మంచి ప్లంబర్ నెంబర్ ఉంటే పెట్టమని గ్రూపులో అడిగాడు. అందరికన్నా ముందు నేనే అతని నెంబర్ పెట్టాను. ఆదివారాలు రమ్మని నేనే అడుగుతా, పనికి నాది పూచీ అని కూడా రాశాను.

"ఆయన వద్దు సార్. ఏదో లొల్లి అయిందంట గదా. ఇంకెవరన్న ఉంటే చెప్పుండ్రి" అని జవాబు వచ్చింది.

ఆ లొల్లి నేను చేసిందేనని, నా తప్పేనని మళ్లీ రాస్తూ ఉండగానే ఎవరో బాలాపూర్ అతని నెంబర్ పెట్టారు. నాలుగో గల్లీ ఆయన థ్యాంక్స్ చెప్పాడు.