‘ఇది నువ్వేనా?’ అని అడిగిన సారు

మా పెద్దసారు పోయారని ఆయన కూతురు ఉక్రెయిన్ నుంచి ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టింది. గుండెపోటట. నేనప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. రెండు బస్సులు ఎక్కకుండానే వదిలేశాను. నాచారం రోడ్డు మీద ఆయన్ని చూసినవాళ్లు చాలామందే ఉంటారు. గుడ్డ టోపీ పెట్టుకుని, ప్రతి ఫ్యాక్టరీ బోర్డు దగ్గరా ఆగి, అక్షరం తెలియకపోయినా చదువుతున్నట్టు చూసే పొడుగాటి తెల్లాయన. ఆయన ఏం పని చేసేవారో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

మనుషులకు ఉద్యోగాలు చూపించడమే ఆయన పని. మొదట వాళ్ల ఊళ్లో టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉండేవారు. అది మూతపడ్డాక, తనతోపాటు పని పోయినవాళ్లకు వంటింటి బల్ల మీద కూర్చుని రెజ్యూమెలు రాసిపెట్టారు. వాళ్లలో కంప్యూటర్ నేర్చుకున్న ఒకరిద్దరికి జర్మనీ కంపెనీల్లో పని దొరికింది. తర్వాత ఇంకొందరు వచ్చారు. అట్లా అదే ఒక కంపెనీ అయింది. హైదరాబాదులో ఆఫీసు పెడదామని వచ్చినప్పుడు అందరూ మాదాపూర్ చూపిస్తే, ఆయన నాచారంలో టైర్ల షాపు మీద రెండో అంతస్తు తీసుకున్నారు. ఇక్కడి షిఫ్టు సైరన్ వింటే సొంత ఊళ్లో ఉన్నట్టుందట. అక్కడ యుద్ధం మొదలయ్యాక వచ్చినప్పుడు మాత్రం, సైరన్ మోగగానే మాట ఆపేసేవారు. అది పూర్తిగా ఆగాకే మళ్లీ మాట్లాడేవారు. 

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. అమ్మ నాచారంలోనే కంటి చుక్కల మందు కంపెనీలో పనిచేస్తుంది. డిగ్రీ చదువుతూ రెండేళ్లు నేనూ అక్కడే చేశాను. తర్వాత అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తే, అక్కడ రెజ్యూమెలు చేసే అన్న నాదాంట్లో బెంగళూరు కంపెనీలో రెండేళ్ల అనుభవం అని టైపు చేసేశాడు.

“నేను బెంగళూరే సూడలే అన్నా.”

“ఎవరు సూసిన్రు? అందరు పెట్టుకుంటరు. ఫికర్ జెయ్యకు.”

ఆ కాగితం పట్టుకునే పెద్దసారు ముందు కూర్చున్నాను. ఆయనకు బాగా వచ్చిన తెలుగు వాక్యం ఒక్కటే: “ఇది నువ్వేనా?” రెజ్యూమెలో ఒక్కో లైను మీద పెన్సిల్ పెట్టి అడిగేవారు. ‘మీరేనా’ అనాలండీ అని మా మేనేజర్‌గారు ఎన్నిసార్లు దిద్దినా మారలేదు. ఆఫీసులో అదొక నవ్వులాట. ఎవరైనా మాడిన దోసె తెస్తే పక్కవాళ్లు వేలు పెట్టి, “ఇది నువ్వేనా?” అనేవాళ్లు.

పేరు నేనే. డిగ్రీ నేనే. పెన్సిల్ బెంగళూరు దగ్గర ఆగింది.

“ఇది నువ్వేనా?”

తల దించుకునే “కాదు సార్,” అన్నాను.

మరి ఆ రెండేళ్లు ఏం చేశావని ఇంగ్లీషులో అడిగారు. మందులో నలుసు పడిందేమో అని లైటు ముందు సీసా తిప్పి చూడటం, వెనక ఒక నల్ల అట్ట, ఒక తెల్ల అట్ట ఉండటం, తెల్ల నలుసు నల్లదాని మీద, నల్ల నలుసు తెల్లదాని మీద దొరకడం చెప్పాను. ఆయన ఆ బెంగళూరు లైను కొట్టేసి, నేను చెప్పినదంతా దాని పక్కన రాశారు.

మేనేజర్‌గారిది రాజమండ్రి. ఇంగ్లీషులో కూడా మెత్తగా, ‘అండీ’ వినిపించేట్టే చెప్పారు. “ఆ లైను తీసేస్తే ఈ అమ్మాయి ప్రొఫైలు ఎవరూ తెరవరండి సార్. ఇక్కడ ఇది మామూలేనండి.”

అప్పుడు చెప్పారు సారు. మొదటి రోజుల్లో ఒక స్నేహితుడికి లేని అనుభవం తనే రాసిపెట్టారట. అతను జర్మనీ వెళ్లిన వారానికే అబద్ధం బయటపడి వెనక్కి వచ్చాడు. సారు మీద కోపమేమీ పెట్టుకోలేదు. కానీ అప్పటినుంచి ట్రామ్ స్టాపులో అతను కనిపిస్తే తానే తల తిప్పుకునేవారట. “అబద్ధం రాసిన లైను దగ్గరకొచ్చేసరికి మనిషి గొంతు మారిపోతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ గొంతుతోనే మాట్లాడాలి,” అన్నారు.

మొదటి కంపెనీ వద్దంది. మేనేజర్‌గారు అన్నట్టే రెండోది జవాబే ఇవ్వలేదు. ఇంట్లో అమ్మ బియ్యం ఏరుతూ, “నిజం జెప్పినవ్, మంచిగనే ఉంది. రేపు నా ఎంబడే డ్యూటీకి రా ఇగ,” అంది. ఎత్తిపొడుపే, కానీ గొంతులో భయం ఉంది. నాకు అమ్మ కంటే ఎక్కువ భయం ఉంది. ఆ కాగితం మళ్లీ మార్చేద్దామని ఒకసారి ఫైలు తెరిచాను కూడా.

మూడో కంపెనీ ఇంటర్వ్యూలో ఒకామె సగంసేపు సీసాల గురించే అడిగింది. ఏ నలుసు దొరకదు, ఎందుకు దొరకదు, అలసిపోతే ఏం చేస్తారు. నాకు తెలిసినదే అడుగుతుంటే ఇంగ్లీషు తప్పులు కూడా గుర్తురాలేదు. ఉద్యోగం వచ్చింది, సారు ఆఫీసులో కూర్చునే చేసే పని. ఇప్పటికీ అదే చేస్తున్నాను, తలెత్తుకునే.

ఉద్యోగం వచ్చిన మర్నాడు సారు అమ్మ పనిచేసే ఫ్యాక్టరీ చూపించమన్నారు. లోపలికి రానివ్వరంటే గేటు దాకా చాలన్నారు. షిఫ్టు వదిలారు. అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికొచ్చి, ఆయన్ని చూసి కొంగు సర్దుకుంది. ఆయన టోపీ తీసి, తాను కూడా టీవీ ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు చెకింగే చేశానని చెప్పమన్నారు. చెప్పాను.

“గట్లనా? కండ్లు గుంజుతుండెనా అడుగు.”

అమ్మ వేలు కళ్ల దగ్గరకు పోగానే, నేను అడిగేలోపే ఆయనకు అర్థమైంది. రెండు అరచేతులూ రుద్దుకుని కళ్ల మీద పెట్టుకుని చూపించారు. అమ్మ ఫక్కున నవ్వింది.

“గట్ల గాదు సారూ. గట్టిగ ఒత్తొద్దు. గిట్ల, జర గుంట జెయ్యాలె.” డబ్బా నా చేతికిచ్చి, తన అరచేతులు గుంటగా వంచి కళ్లకు ఆనించుకుంది. ఆయన వేళ్ల సందుల్లోంచి చూసి, సరిగ్గా అట్లాగే పెట్టుకున్నారు.

షిఫ్టు దిగిన ఆడవాళ్లు నవ్వుకుంటూ, వాళ్లిద్దరినీ తప్పుకుని అటూ ఇటూ వెళ్లిపోతున్నారు. గేటు ముందు, ఎండలో, ఇద్దరూ కళ్లు మూసుకుని అట్లాగే నిలబడి ఉన్నారు.